బావ ఫోల్డరు, రెండు వందల పద్నాలుగో లైను

"అక్కా, బావ ఎవరు?" అని అడిగింది పిచ్చుక.

నా ఒళ్ళు ఝల్లుమంది. పొద్దున పదకొండు గంటలకి టీ కప్పు పట్టుకుని కూర్చున్న మనిషిని అడగాల్సిన మాటా అది? "ఎవరి బావే? నీ బావా?" అని కసిరాను. నాకు భయం వేస్తే ముందు కోపం వస్తుంది, చిన్నప్పట్నుంచీ అంతే. ఆఫీసులో అందరూ అలవాటు పడిపోయారు.

"నాకు బావలెక్కడ ఏడిశారక్కా. ఇది చూడు," అంటూ రెండు కాగితాలు నా కీబోర్డు మీద పరిచింది. ఆస్పత్రి వాళ్ళు మందెక్కించే పంపులోంచి తీసి పంపిన లాగు అది, పంపు ఏ పని ఎందుకు చేసిందో రాసుకునే చిట్టా. ఒక లైను కింద ఎర్ర పెన్నుతో గీత గీసింది. బావ ఫోల్డరు, మందుల వ్యాకరణం, రెండు వందల పద్నాలుగో లైను.

పిచ్చుక మా దగ్గర చేరి రెండేళ్ళయింది. పిట్ట తిన్నట్టు తింటుంది, తెల్లారింది మొదలు కిచకిచమంటూనే ఉంటుంది, అందుకని ఆ పేరు నేనే పెట్టాను. ఐదు రోజుల నుంచి మాత్రం దాని నోట్లోంచి మాట రాలేదు. ఇవాళ అడిగిన మొదటి ప్రశ్న ఇదే.

ఐదు రోజుల కిందట ఆ ఆస్పత్రిలో ఒక పెద్దావిడ చనిపోయింది. తుంటి ఆపరేషన్ బాగానే జరిగింది. తర్వాత నొప్పి తెలియకుండా పంపుతో మందు ఎక్కించారు. ఆ పంపుకి సాఫ్ట్‌వేర్ మాది. డాక్టరు ఆర్డరు టైపు చేస్తే, ఆ వాక్యాన్ని చదివి ఏ మందు, ఎంత, ఎంతసేపు అని పంపుకి చెప్పేది మా ప్రోగ్రామే. డాక్టరు తొందరలో ముందు సున్నా పెట్టకుండా చుక్క ఐదు అని కొట్టాడు. అంటే అర మిల్లీగ్రాము. మా ప్రోగ్రాము చుక్కని చెత్త కింద పారేసి ఐదు అని చదివింది. పదింతలు ఎక్కింది. ఆవిడ ఇంక కళ్ళు తెరవలేదు.

ఇది కొత్త తప్పయితే వేరు. ఇదే తప్పుని ఆస్పత్రి నర్సులు రెండు నెలల ముందే పట్టుకుని మాకు రాశారు. పిచ్చుక దాన్ని సరిచేసింది. అలాంటి ఆర్డరొస్తే చదవకుండా తిప్పికొట్టేలా వ్యాకరణంలో నియమం మార్చి, తన మిషన్ మీద యాభైసార్లు పరీక్ష పెట్టుకుంది. మా దగ్గర పరీక్షలన్నీ ఎవరి మిషన్ మీద వాళ్ళు చేసుకోవడమే. అందరూ రాసినవి కలిపి ఒక ప్రోగ్రాముగా కట్టే బిల్డు మిషన్, కట్టి ఇవ్వడం తప్ప ఏమీ చూడదు. మేనేజరు "సరిచేశాం" అని ఆస్పత్రికి ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం చూసి వాళ్ళు, ఇద్దరు నర్సులు కాగితం ముందు పెట్టుకుని సరిచూసే పద్ధతి మానేశారు. అసలే మనుషులు తక్కువ పాపం.

ఇప్పుడు విచారణ. రేపు గురువారం. పిచ్చుక అసలేమీ సరిచేయలేదనీ, చేశానని అబద్ధం చెప్పిందనీ అందరూ ఒక నిర్ణయానికి వచ్చేశారు. ఉద్యోగం ఎలాగూ పోతుంది, కేసు కూడా పెడతారని చెప్పుకుంటున్నారు. దానికింకా ఇరవై ఆరు నిండలేదు.

"మన ఫైల్లో రెండు వందల పద్నాలుగో లైను చూశానక్కా," అంది. "ఖాళీ లైను. అందులో ఏమీ లేదు. తాళాలాయన్ని అడిగితే ఆ ఫోల్డరు ఏ మిషన్లోనూ లేదన్నాడు. ముఖం అదోలా పెట్టి, మీ అక్కనే అడుగు అన్నాడు. లేని ఫోల్డర్లో ఖాళీ లైను చెబితే పంపు మందెక్కించిందా అక్కా? నాకు పిచ్చెక్కుతోంది."

తాళాలాయన అంటే మా సిస్టమ్స్ ఆయన. పాస్‌వర్డులన్నీ ఆయన దగ్గరే ఉంటాయి. ఆయన చెప్పలేక నా మీదకి తోసేశాడు.

"బావ మా ఆయన," అన్నాను.

పిచ్చుక ఆ కాగితాలు మళ్ళీ చేతిలోకి తీసుకుని చూసింది. మా ఆయన పోయి మూడేళ్ళయిందని దానికి తెలుసు. ఇదే ఆఫీసులో పనిచేసేవాడనీ తెలుసు. పేరే తెలియదు. ఆయన చేరిన కొత్తలో ఎకౌంటు తెరిచింది నేను. పేరు దగ్గర బావ అని కొట్టి, "ఇంట్లో ఎలాగూ అదే కదా" అన్నాను. ఆఫీసంతా నవ్వింది. మేనేజరు కూడా ఆయన్ని బావగారూ అనే పిలిచేవాడు.

"నువ్వెళ్ళి ఏమన్నా తిను. నేను చూస్తాను," అని పంపించేశాను. నిజానికి అప్పుడు చూడ్డానికి ఏమీ లేదు. ఆ కాగితం చూసిన క్షణంలోనే నాకు సగం అర్థమైపోయింది. మిగతా సగం అర్థం చేసుకోవడం ఇష్టం లేక కూర్చున్నాను.

మందుల వ్యాకరణం రాసింది బావ. వాక్యం ఎలా చదవాలో నియమాలు రాసి ముందు పెడితే, చదివే ప్రోగ్రాముని తానే రాసిచ్చే పనిముట్లున్నాయి. అక్షరాల్ని మాటలుగా తెంపేది ఒకటి, మాటల్ని వాక్యంగా కూర్చేది ఇంకోటి. జనరేటర్లంటాం. వాటికో దరిద్రపు అలవాటుంది. ఎవరి నియమాలిచ్చినా సరే, రాసినదాన్ని ఒకే పేరుతో పడేస్తాయి. మాకు రెండు వ్యాకరణాలు. డాక్టర్ల ఆర్డర్లకి ఒకటి, పంపు జవాబులకి ఒకటి. బిల్డులో రెండూ ఒకేసారి నడిస్తే ఒకదాని మీద ఒకటి రాసేసేవి. ఒకరోజు పంపు జవాబులు చదివేది డాక్టరు ఆర్డర్లు చదవబోయి కూలబడింది. ఆ రోజు బావ నామీద ఎగిరాడు, నేను ఆయనమీద ఎగిరాను, ఇంటికెళ్ళాక కూడా పళ్ళేల దగ్గర అదే గొడవ.

అప్పుడు రాశాను నేను ఒక షెల్ స్క్రిప్టు, అంటే వరసగా ఆదేశాలు నడిపే చిన్న ప్రోగ్రాము. పేరు తొడుగు. జనరేటర్ని నేరుగా ఎవరూ పిలవకూడదు, తొడుగునే పిలవాలి. అది ఒక్కో వ్యాకరణానికి విడిగా తాత్కాలిక ఫోల్డరు చేసి, జనరేటర్ని అందులో నడిపి, బయటికొచ్చినదానికి సరైన పేరు పెట్టి, ఫోల్డరు తుడిచేసి వస్తుంది. నలభై లైన్లుంటుంది. పదేళ్ళలో ఒక్కసారి కూడా మొరాయించలేదు. నా చేతిపని అని నాకు పొగరు కూడా.

తర్వాత బావే ఇంకోటి అడిగాడు. "జనరేటరు లేని మిషన్లలో బిల్డు ఆగిపోతోంది. అక్కడివాళ్ళు ఫోన్లు చేసి నా ప్రాణం తీస్తున్నారు. ఏదో ఒకటి చెయ్యవే తల్లీ," అన్నాడు. సరేనని తొడుగులో ఆరు లైన్లు చేర్చాను. జనరేటరు కనబడకపోతే, అది చివరిసారి రాసిచ్చిన ప్రోగ్రాము తాలూకు పాత కాపీ తీసి వాడు, లాగులో ఒక ముక్క చెప్పు, ముందుకెళ్ళు. బిల్డు ఆపకు.

బావ గుండెపోటుతో పోయాడు. బస్టాపులో, నిలబడినవాడు నిలబడినట్టే పడిపోయాడు. మూడు నెలలకి ఆయన ఎకౌంటు మూసేశారు. ఆ ఫారం మీద నేనే సంతకం పెట్టాను. అంతవరకూ ఆయన ఫోల్డర్లో నడిచే బిల్డు నా ఫోల్డరుకి మారింది. జనరేటరు కూడా ఆయన ఫోల్డర్లోనే ఉండేదని ఆ రోజు నాకు తట్టలేదు. ఫోల్డరుతోపాటు అదీ పోయింది. తొడుగు వెతికింది, కనబడలేదు, నేను చెప్పినట్టే పాత కాపీ తీసింది. బావ చివరిసారి తయారుచేసిపెట్టిన కాపీ. మూడేళ్ళుగా మేం ఆస్పత్రులకి పంపిన ప్రతి ప్రోగ్రాములోనూ ఆర్డర్లు చదువుతున్నది అదే. మధ్యలో ఆ వ్యాకరణంలో ఎవరూ వేలు పెట్టలేదు, బావగారు రాసింది కదా అని. మొదట వేలు పెట్టింది పిచ్చుక. దాని మిషన్లో జనరేటరు ఉంది కాబట్టి అక్కడ పరీక్షలు నెగ్గాయి, దాని మార్పుతో ఫైల్లో లైన్లూ కిందకి జరిగాయి. అది మార్చిన నియమం ఆ ఫైల్లోనే ఉండిపోయింది, పంపులోకి ఎక్కనేలేదు.

ఇంతవరకైతే పొరపాటు అనొచ్చు. చెప్పడానికి నోరు రానిది ఇంకొకటుంది.

జనరేటరు రాసే ప్రోగ్రాము తన పుట్టుపూర్వోత్తరాలు లోపల రాసుకుంటుంది. ఈ ముక్క ఫలానా ఫోల్డర్లో, ఫలానా లైనులోంచి వచ్చింది అని. ఎక్కడ చిన్న నలుసు తగిలినా, దాన్ని మిషన్ భాషలోకి మార్చే కంపైలరు ఆ ఫోల్డరు పేరుతోనే చెబుతుంది. బావ తన వ్యాకరణంలో, మందు మోతాదు చదివే నియమంలోనే, ఒక వేరియబుల్ పెట్టి ఎక్కడా వాడలేదు. తియ్యమని ఎన్నిసార్లు మొత్తుకున్నా "ఉండనీవే, ఎప్పుడైనా పనికొస్తుంది" అనేవాడు. దానిమీద ప్రతి బిల్డులోనూ ఒక హెచ్చరిక వచ్చేది. బావ ఫోల్డరు, రెండు వందల పద్నాలుగో లైను, వాడని వేరియబుల్.

ఆయన పోయాక కూడా అది వస్తూనే ఉంది.

ఎకౌంటు మూసేసిన మర్నాడు పొద్దున బిల్డు లాగు తెరిస్తే ఆ లైను కనిపించింది. అది రాకూడదని నాకు తెలుసు. నా ఫోల్డర్లో కొత్తగా కట్టినదానికి నా పేరు రావాలి. ఇరవై రెండేళ్ళుగా బిల్డులు కడుతున్నదాన్ని, ఇంకెవరికి తెలియాలి? వేరే ఎవరి పేరైనా అయితే ఆ పూటే ఆ ప్రోగ్రాము పీక పట్టుకుని ఎందుకొచ్చిందో కక్కించేదాన్ని. అది బావ పేరు కాబట్టి ఊరుకున్నాను. అడిగితే పోతుందేమోనని భయం వేసింది.

ఆ తర్వాత రోజూ చూసేదాన్ని. పొద్దున్నే ఆఫీసుకి రాగానే టీ పక్కన పెట్టుకుని, నాలుగు వేల లైన్ల లాగులో బావ అని వెతికేదాన్ని. కనబడగానే ఊపిరి ఆడేది. ఆయన డ్యూటీకి వచ్చేశాడనిపించేది. గదిలో ఎవరూ లేకపోతే "ఆ వేరియబుల్ తీసెయ్యకూడదూ" అని కూడా అనేదాన్ని. సిగ్గులేకుండా చెబుతున్నాను. ఒక్కోసారి జవాబు వినబడినట్టే ఉండేది. వెనక ఖాళీ కుర్చీ కిర్రుమనేది. ఏసీ గాలికి అయ్యుండొచ్చు, నేను మాత్రం తల తిప్పి చూసేదాన్ని కాదు.

పోయినేడు మేనేజరు హెచ్చరికలన్నీ శుభ్రం చెయ్యమన్నాడు. ఆరు వందల పదకొండు ఉన్నాయి. కూర్చుని ఆరు వందల పది తీసేశాను. ఆ ఒక్కటీ ఉంచాను. అప్పట్నుంచి లాగులో అదొక్కటే ఉండేది.

ఆ మధ్యాహ్నం పిచ్చుక వెళ్ళాక మొదటిసారి ఆ లైను పైకి చదివాను. సరిగ్గా పదకొండు లైన్ల పైన ఉంది, నా తొడుగు మూడేళ్ళుగా రోజూ చెబుతున్న మాట. జనరేటరు లేదు, పాత కాపీ వాడుతున్నాను. నా వాక్యమే, నేను రాసిందే. ఎప్పుడూ నా కళ్ళు దాన్ని దాటుకుని కిందకి పోయాయి.

ముందు ఆస్పత్రికి ఫోన్ చేశాను. "సరిచేశాం అన్నది పంపుల్లోకి రాలేదు. ఇప్పుడే, ఈ నిమిషం నుంచే, మళ్ళీ కాగితం పెట్టి ఇద్దరేసి చూడండి," అని పెద్ద నర్సుతో చెప్పాను. ఆమె రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత మా పంపులున్న మిగతా ఆస్పత్రులకి. తొమ్మిది ఫోన్లు. పదోదానికి నా గొంతు పోయింది, అప్పటికి తిరిగొచ్చిన పిచ్చుకే మాట్లాడింది.

తర్వాత తాళాలాయన్ని పిలిచి బిల్డు మిషన్లో జనరేటరు పెట్టించాను. తొడుగులో ఆ ఆరు లైన్లు పీకేశాను. జనరేటరు లేకపోతే ఆగిపో, అంతే. పాత కాపీ తుడిచేసే ముందు ఒకసారి తెరిచాను. ఆరు వేల లైన్లు, అన్నిటి మధ్యా బావ, బావ, బావ. పిచ్చుక పక్కనే నిలబడి ఉంది. "అక్కా, ఒక కాపీ దాచుకో," అంది మెల్లిగా. "నోర్ముయ్," అన్నాను. విచారణ వాళ్ళకి కావలసిన కాపీ తాళాలాయన అప్పటికే తీసి సీలు వేసేశాడు. నేను తుడిచేశాను. బిల్డు నాలుగు నిమిషాల్లో అయిపోయింది. చుక్క ఐదు ఇచ్చి చూశాం, తిప్పికొట్టింది. పిచ్చుక ఏడ్చింది. లాగులో బావ అని వెతికాను. సున్నా అని వచ్చింది. బస్టాపు నుంచి ఫోనొచ్చిన రోజు నేను ఏడవలేదు, చెయ్యాల్సిన పనులుండేవి. ఇప్పుడు టేబులు మీద తల పెట్టి గుక్కపట్టి ఏడ్చాను, పిల్లదాని ముందే.

సాయంత్రం మేనేజరు గదిలోకి పిలిచాడు. పాపం మంచివాడే. "చూడండి, ఇందులో మీ తప్పేం లేదు. జనరేటరు ఎకౌంటుతో పోయింది. సిస్టమ్స్ వాళ్ళు చూసుకోవాల్సింది. మీరు నిన్నటిదాకా గమనించలేదు, కాగితాలు చూడగానే పట్టుకున్నారు. రేపు అంతవరకే చెప్పండి. పిచ్చుక బయటపడుతుంది, మీరూ బయటపడతారు," అన్నాడు.

"మరి తాళాలాయన?" అన్నాను.

"ఆయన వచ్చే ఏడు రిటైరవుతున్నాడు కదా," అన్నాడు, నా వంక చూడకుండా.

నేను ఔననలేదు, కాదనలేదు. ఇంటికెళ్ళే దారంతా నన్ను నేను తిట్టుకున్నాను. సగం మనసు అప్పటికే ఒప్పేసుకుంది, అదీ నా కోపం. ఆ లైను సంగతి నాకు తప్ప ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. లాగు వెతికినవాళ్ళ పేర్లు ఎక్కడా రాసి ఉండవు.

మర్నాడు పొద్దున పది గంటలకి విచారణ. పొడుగాటి బల్ల, నీళ్ళ సీసాలు, అవతల విచారణాధికారి. ఆయన పక్కన పెద్ద నర్సు. చివర్లో చనిపోయినావిడ కూతురు కూర్చుంది. నా ఈడే ఉంటుంది. దర్జీ పని చేస్తుందట, కుడిచేతి చూపుడువేలు కొసన సూది గుచ్చుకున్న మచ్చలున్నాయి. కాగితాల మీద ఉన్న మాటలు ఆమెకేమీ అర్థమైనట్టు లేదు. అర్థం కానప్పుడల్లా తలెత్తి మాట్లాడేవాళ్ళ మొహం చూసేది.

జరిగిందంతా చెప్పాను. తొడుగు గురించి, జనరేటరు గురించి, పాత కాపీ గురించి. పిచ్చుక నియమం సరిగ్గానే మార్చిందని లాగులు చూపించాను. విచారణాధికారి రాసుకున్నాడు. "మంచిది. ఆ అమ్మాయి మీద ఆరోపణ నిలవదు," అన్నాడు. పిచ్చుక బల్ల కింద నా చెయ్యి పట్టుకుంది.

"ఈ లోపం మీ దృష్టికి ఎప్పుడొచ్చింది?" అని అడిగాడాయన, పెన్ను ఎత్తకుండానే. మేనేజరు దగ్గాడు.

నిన్న అంటే చాలు. ఆ మాట నాలుక చివర ఉంది కూడా. అప్పుడు ఆ దర్జీ ఆమె తలెత్తి నా మొహం చూసింది.

"మూడేళ్ళ కిందట," అన్నాను. పిచ్చుక చెయ్యి నా చేతిలో బిగుసుకుపోయింది. ఆపకుండా చెప్పేశాను. ఎవరి పేరు, ఎందుకు రాకూడదు, వస్తే దానర్థం ఏమిటో నాకెంత తెలుసు, తెలిసీ ఎందుకు అడగలేదు, ఆరు వందల పది తీసి ఒక్కటి ఎందుకు ఉంచాను. విచారణాధికారి రాయడం ఆపేశాడు. మేనేజరు కళ్ళు మూసుకున్నాడు. పిచ్చుక మెల్లిగా తన చెయ్యి తీసేసుకుంది.

దర్జీ ఆమె అడిగింది. "రోజూ చూసేవారా?"

"రోజూ."

"అమ్మకి మిషన్ పెట్టిన పూట కూడానా?"

"ఆ పొద్దున కూడా చూశాను."

ఆమె కోపం లేకుండా, నన్నేదో సందేహం అడుగుతున్నట్టే అంది. "ఆ పూట నాకు ఇవ్వాల్సిన బట్టలుండి ఆస్పత్రికి వెళ్ళలేదమ్మా. నేనుంటే ఆ మిషన్ వంక ఒక్కసారి చూసేదాన్ని, అంకె పెద్దదని ఎవరినైనా పిలిచేదాన్ని. చూడలేదు కదా, నేనే చంపుకున్నాను అని ఇన్నాళ్ళూ అనుకుంటున్నాను." నా వంక తిరిగింది. "మీరు రోజూ చూశారు."

క్షమించమని అడుగుదామనే వచ్చాను, ఆ మాట బయటికి రాలేదు. ఆమె సంతకం చెయ్యాల్సిన చోట అడిగి చేసింది, పెన్ను మూత పెట్టి పెద్ద నర్సుకి ఇచ్చింది, కుర్చీ లోపలికి జరిపి వెళ్ళిపోయింది.